ఎవరి ఇంజిను ఎవరి బండిలో

"మా ఇంజిను మాకిచ్చేయండి!"

బండి కింద పడుకుని పనిచేస్తున్న మెకానిక్ తల బయటపెట్టాడు. ముందు చెప్పులు కనిపించాయి, తర్వాత చేతిలో కాగితం, ఆపైన కోపంతో ఎర్రబడ్డ ముఖం. కోపం అంత అందంగా ఉంటుందని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"ఏ ఇంజినండీ?"

"నేను పక్క వీధి స్కూల్లో లెక్కల టీచర్‌ని. ముప్పై ఏళ్ల కిందట మా నాన్న తన చిన్న కారు ఈ గ్యారేజీలోనే ఇంజిను విప్పించి ఓవర్‌హాల్ చేయించారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో నడపలేక అమ్ముదామంటే, లోపలున్న ఇంజిను నంబరు, కాగితాల్లో నంబరు ఒకటి కాదట. సగం ధరే అంటున్నారు."

అతను లేచి కాగితం చూశాడు. ఒకప్పుడు చవకని అందరూ కొన్న బండి అది. చవకదే కదా అని వాడి వాడి పాతసామాన్లకు వేసేశారు. అందుకే మిగిలిన నాలుగింటికీ ఇప్పుడు ఎక్కడలేని గిరాకీ. కాకపోతే తుప్పు పట్టకూడదు, రంగు మొదటిదే ఉండాలి, ఇంజిను దానితో పుట్టిందే అయి ఉండాలి.

"ధర పోతే పోయింది. 'నాది అతుకుల బండా?' అని నాన్న రెండు రోజులుగా సరిగ్గా భోంచేయట్లేదు," అంది. ఆ మాట దగ్గర కోపం కాస్తా నీరుగారిపోయింది.

"వెతుకుతానండీ. శనివారం రండి."

వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. షెడ్డులో మెకానిక్ తండ్రి కారుంది, అదే మోడల్. బానెట్ ఎత్తి గుడ్డతో తుడిస్తే ఆమె కాగితంలోని నంబరే!

"రెండు బండ్లూ ఒకేసారి విప్పాన్రా. కవలపిల్లల్లా ఉండేవి," అంటూ అతని తండ్రి, పెద్దమెకానిక్, తల గోక్కున్నాడు. "ఆ పిల్లకి వెంటనే చెప్పు."

చెప్పాలనే అనుకున్నాడు. కానీ చెబితే ఇంజిన్లు మార్చేయడం రెండ్రోజుల పని. ఆ తర్వాత ఆమె ఇటువైపు ఎందుకొస్తుంది?

శనివారం ఆమె రాగానే నీళ్లు నమిలాడు. "ఇంకా దొరకలేదండీ."

రెండో శనివారం వానొచ్చింది. ఆమె షెడ్డులో స్టూలు మీద కూర్చుని జవాబు పేపర్లు దిద్దుకుంది. "ఈ అబ్బాయి రెండూ రెండూ ఐదంటాడు!" అని నవ్వితే, అతను టైరుకు బిగించాల్సిన బోల్టు జేబులో వేసుకున్నాడు. మూడో శనివారం అడక్కుండానే రెండు కప్పుల టీ తెచ్చింది.

నాలుగో శనివారం మాత్రం కూర్చోలేదు.

"రేపు కొనేవాళ్లొస్తున్నారు. సగం ధరకే ఇచ్చేస్తున్నాం. మీకు శ్రమ ఇచ్చాను."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తన స్వార్థం ఒక పెద్దాయన పరువు మీదికి తెచ్చిందని అప్పటికి బుర్రకెక్కింది.

"అమ్మకండి! ఇంజిను ఇక్కడే ఉంది. మొదటిరోజే దొరికింది. చెబితే మీరు మళ్లీ రారని దాచాను. తప్పే. రేపు పొద్దున్నే మొదలుపెట్టి మీ ఇంజిను మీ బండిలో పెట్టేస్తాను. తర్వాత నా ముఖం చూడకపోయినా సరే."

ఆమె షెడ్డులోని కారు వైపు చూసింది.

"రెండో శనివారం ఆ బానెట్ తెరిచే ఉంది," అంది. "లెక్కల టీచర్‌ని. నంబరు ఒక్కసారి చూస్తే చాలు."

"మరి... మూడో శనివారం టీ?"

"మీరు ఎప్పుడు చెబుతారో చూద్దామని. చెప్పకపోతే మాత్రం నిజంగానే అమ్మేసి, ఈ వీధి ముఖం చూసేదాన్ని కాదు. నాకూ భయం వేసిందండీ. ఇష్టపడ్డ మనిషి అబద్ధాలకోరైతే ఎలా అని."

ఇష్టపడ్డ మనిషి! అతని చేతిలోంచి స్పానర్ జారి కాలిమీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

"మరి రేపు కొనేవాళ్లు?"

"ఎవరూ రావట్లేదు. నాన్న వస్తున్నారు."

"ఇంజిను చూడటానికా?"

"మిమ్మల్ని చూడటానికి," అని ఆమె తలొంచుకుంది.

లోపల్నుంచి పెద్దమెకానిక్ గొంతు వినిపించింది. "ఒరేయ్, రేపైనా ఆ గ్రీజు చొక్కా మార్చరా!"