ఎర్ర చుక్క పెట్టె

"మేడమ్, జీపెక్కించేయమంటారా?"

హెడ్ కానిస్టేబుల్ ఒక చేత్తో షాపు యజమాని అల్లుడి భుజం పట్టుకున్నాడు. ఇంకో చేత్తో బేడీలు తీస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పేలోపు ఆమె ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి.

"ఇది థిన్నర్ ఆవిరి పీల్చి పడిపోయిన కేసులా లేదు," ఐసీయూ డాక్టర్ గొంతులో తొందర. "ఊపిరి మరీ నెమ్మదిస్తోంది. ఏదో మత్తుమందు కడుపులోకి వెళ్లింది. అదేంటో తెలిస్తే విరుగుడు ఇస్తాం. తెలియకుండా ఇస్తే ఆ విరుగుడే ఆయన్ని తీసుకుపోవచ్చు. ల్యాబ్ రిపోర్టు రేపు గాని రాదు."

"ఎంత టైముంది?"

"డెబ్భై దాటిన మనిషి. సాయంత్రం దాకా నిలబడితే గొప్పే."

గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ జేబులో పెట్టుకుంది. "ఆగండి హెడ్డు గారూ. ఈయన్ని స్టేషన్‌కి తీసుకెళ్లి కూర్చోబెట్టేంత తీరిక మనకి లేదు. ఏం తేలినా ఈ గదిలోనే తేలాలి."

అది మోడల్ కిట్ల షాపు వెనకాల ఉన్న పనిగది. గోడల నిండా పెట్టెలు. విమానాలు, ఓడలు, ట్యాంకులు, రేసు కార్లు. అన్నీ ముక్కలుగా పెట్టెల్లో ఉంటాయి. కొనుక్కున్నవాళ్లు అతికించుకుని, రంగులు వేసుకోవాలి. షాపు యజమానిని అందరూ మాస్టారు అంటారు. ఏ కిట్ మంచిదో, ఏది చెత్తో ఆయన చెబితే ఇక తిరుగులేదు.

ఈ రోజు షాపుకి సెలవు. మధ్యాహ్నం పన్నెండింటికి కూతురు వచ్చి తలుపు తీసేసరికి మాస్టారు ఈ బల్ల మీదే తల వాల్చి పడి ఉన్నాడు. కిటికీ మూసి ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి ఉంది. రంగులు పలచన చేసే థిన్నర్ సీసా మూత తీసి ముక్కు దగ్గరే ఉంది. ఎదురుగా సగం అతికించిన విమానం. పక్కన ఒక టీ కప్పు.

చూడగానే ఎవరైనా ప్రమాదమే అనుకుంటారు. కూతురు అనుకోలేదు. "నాన్న ఫ్యాన్ వెయ్యకుండా థిన్నర్ మూత తియ్యడు," అని పోలీసులకి తనే ఫోన్ చేసింది.

పొద్దున తొమ్మిదింటికి ఈ గదిలో కేకలు వినిపించాయని పక్క షాపువాళ్లు చెప్పారు. ఆ కేకలు అల్లుడివి.

"అవును, అరిచాను," అల్లుడి మొహం పాలిపోయి ఉంది. "షాపు అమ్మేసి మా దగ్గరికి వచ్చి ఉండమన్నాను. ససేమిరా అన్నారు. కోపం వచ్చింది, వెళ్లిపోయాను."

"ఎన్నింటికి?"

"తొమ్మిదింబావు."

"చూసినవాళ్లు?"

"ఎవరూ లేరు. కారులో కూర్చుని ఊరంతా తిరిగాను. తిక్క దిగేదాకా."

"ఆయనకి తాగడానికి ఏమైనా ఇచ్చారా?"

"ఆ మూడ్‌లో ఆయన నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు మేడమ్. నేనేం ఇస్తాను?"

గది మూలన స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషి గట్టిగా నిట్టూర్చాడు. డెంటిస్టు. మాస్టారికి ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. మోడల్స్ పోటీల్లో కప్పులన్నీ ఈ ఇద్దరే పంచుకునేవాళ్లు. కూతురు ఫోన్ చేయగానే ఆస్పత్రికి పరిగెత్తాడు, అక్కడినుంచి ఆమెని తన కారులో ఇక్కడికి తీసుకొచ్చాడు.

"చిన్నప్పుడు దీనికి పాలపన్ను తీసింది నేనే," అన్నాడు కూతురి వైపు చూస్తూ. "అప్పట్నుంచి పళ్ల బాబాయి అంటుంది. దీని ఇంట్లో ఇలాంటిది చూడాల్సి వస్తుందనుకోలేదు."

కూతురు వినడం లేదు. బల్ల మీది విమానం వైపే కళ్లార్పకుండా చూస్తోంది.

"ఏంటమ్మా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"ఈ కిట్ నాన్న తీసింది కాదు."

"ఎలా చెప్పగలవు?"

కూతురు కింద పడున్న పెట్టె మూత చూపించింది. మేఘాలని చీల్చుకుంటూ దూసుకొస్తున్న విమానం బొమ్మ. తళతళలాడుతోంది. మూలన ఎర్ర చుక్క స్టిక్కర్.

"ఈ బొమ్మ చూసే అందరూ మోసపోతారు. పెట్టె నిరుడు వచ్చింది. లోపలి అచ్చు నలభై ఏళ్ల నాటిది. అరిగిపోయిన అచ్చులో పోస్తే అంచుల్లో, ఈ ప్లాస్టిక్ ఫ్రేముకి ఇంకా అంటుకుని ఉన్న ముక్కలకి ఉన్నట్టు, పల్చగా పొర వస్తుంది. రేకు అతుకుల గీతలు లోపలికి చెక్కినట్టు ఉండాలి, దీంట్లో పైకి ఉబ్బి ఉంటాయి. రెండు సగాలూ కలిపితే మధ్యలో గోరు దూరేంత సందు. కొత్తగా వచ్చినవాళ్లకి నాన్న ముందు ఇదే పాఠం చెప్పేవాడు. బొమ్మ చూడకు, అచ్చు ఏ ఏటిదో కనుక్కో, ఫ్రేములు చేతిలోకి తీసుకుని చూడు, ఇదివరకు అతికించినవాళ్లని అడుగు, ఆ తరవాతే పర్సు తియ్యి అని."

"మరి ఎర్ర చుక్క?"

"కొనొద్దని గుర్తు. ఎవరైనా అడిగినా అమ్మడు. పైగా నాన్న ఏ కిట్ మొదలుపెట్టినా ముందు ఫ్రేములు సబ్బునీళ్లలో నానబెట్టి కడుగుతాడు. అచ్చు జిడ్డు పోకపోతే రంగు పట్టదని. ఇవి చూడండి, జిడ్డు అలాగే ఉంది. నాన్న మత్తులోకి జారాక ఎవరో దీన్ని తెచ్చి ముందు పెట్టారు. మోడల్ చేస్తూ పడిపోయాడని మనం అనుకోవాలని."

"ఎవరు?"

"ఎవరో గాని కిట్ల గురించి ఓనమాలు తెలియనివాళ్లు. ఇన్ని మంచి కిట్లు చేతికందేలా ఉండగా, తెలిసిన మనిషెవరూ దీన్ని ముట్టు..."

అక్కడ ఆగిపోయింది.

ఆమె మెల్లగా తల తిప్పి భర్తని చూసింది. తను ఏం చెప్పిందో ఆమెకి అప్పుడు అర్థమైంది.

"నువ్వు కూడానా?" అన్నాడు అల్లుడు.

డెంటిస్టు లేచి ఆమె తల మీద చెయ్యి వేశాడు. "నిజం చెప్పావు తల్లీ. కిట్ల సంగతి తెలియనివాడి పనే ఇది. ఇన్‌స్పెక్టర్ గారూ, ఇంకా ఆలోచిస్తారేంటి? ఏం మింగించాడో వీడి చేత కక్కించండి. అవతల నా స్నేహితుడి ఊపిరి తగ్గిపోతోంది."

"నేనేం ఇవ్వలేదు బాబోయ్," అల్లుడు చేతులు జోడించాడు. "నన్ను తర్వాత ఉరి తీసుకోండి. ముందు ఆయన ఏం తాగారో కనుక్కోండి."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట దగ్గర ఆగింది. తప్పు చేసినవాడు తన మెడ గురించి మాట్లాడతాడు. ఇతను మామ గురించి మాట్లాడుతున్నాడు. అది సాక్ష్యం కాదు. కానీ ఆమె గ్లవ్స్ తొడుక్కుంది. సగం విమానాన్ని ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ ముక్కలు ఫ్రేములోంచి ఎలా తీస్తారమ్మా?"

"కట్టర్‌తో. ముందు కాస్త దూరంగా కత్తిరించాలి. తరవాత ముక్కకి అంటుకుని మిగిలిన మొలకని ఇంకోసారి దగ్గరగా కత్తిరించి, గరుకు కాగితంతో రుద్దాలి. ఒకేసారి కత్తిరిస్తే ముక్క చిట్లి తెల్లటి మచ్చ పడుతుంది."

ఇన్‌స్పెక్టర్ మిగిలిన ఫ్రేము, కట్టరు అల్లుడి చేతికిచ్చింది. "ఒక చక్రం తియ్యండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

అతను కట్టరుని కత్తెరలా పట్టుకున్నాడు. టక్కుమంది. చక్రంలో చిన్న పెళ్ల ఎగిరి అలమర కిందికి పోయింది. ఫ్రేముకి చక్రంలో ముప్పాతిక వంతు అంటుకునే ఉంది.

హెడ్డు నవ్వు ఆపుకోలేకపోయాడు. "మా మనవడికి ఇలాంటిదే చేసిచ్చాను మేడమ్. విమానం కాస్తా బాతైంది. వాడు నీళ్లలో వదిలితే మునిగింది కూడా."

"అతను కావాలనే పాడుచేసి ఉండొచ్చు," అన్నాడు డెంటిస్టు.

"ఉండొచ్చు." ఇన్‌స్పెక్టర్ కూతురి దగ్గరికి వెళ్లింది. "ముట్టుకోకుండా చూసి చెప్పు. ఇది ఓనమాలు తెలియనివాళ్ల పనేనా?"

కూతురు వంగి చూసింది. ఆమె నుదురు ముడిపడింది.

"కాదు. ఎక్కడా మచ్చ లేదు. అంచు పొరలు గీకేశారు. రెండు సగాల మధ్య సందు కూడా... అయ్యో, ఇంత చెత్త కిట్‌ని ఇంత బాగా ఎవరు కలిపారు? రెక్క మొదట్లో గుంటకి పుట్టీ కూడా పెట్టారు."

"అందరం పెట్టె చూశాం. పెట్టెలోంచి తీసి చేసిన పని ఎవరూ చూడలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "చేతికి కిట్లు బాగా తెలుసు. మరి ఎర్ర చుక్క పెట్టె ఎందుకు తీసినట్టు? తెలియక కాదు. తెలిసే తీశాడు. మంచి కిట్‌ని పాడుచేయడానికి మనసొప్పలేదు. నాటకం కోసం ఒకటి తగలెయ్యాలి, అది ఎందుకూ పనికిరానిదైతే సరి."

"నాటకానికి నాలుగు ముక్కలు విరిచి పడేస్తే చాలదా మేడమ్?" హెడ్డు అడిగాడు.

"చాలు. కానీ మత్తు పూర్తిగా ఎక్కేదాకా కూర్చోవాలిగా. ఎదురుగా స్నేహితుడు తూలుతున్నాడు. ఆ మొహం చూడలేడు. బల్ల మీద కట్టరుంది, కిట్ ఉంది. చేతులు ఊరుకోలేదు."

స్నేహితుడు అన్న మాట దగ్గర డెంటిస్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను పొద్దున ఇటు రాలేదని ముందే చెప్పాను."

"చెప్పారు. హెడ్డు గారూ, ఆ బాత్రూమ్‌లో చూడండి. ఫ్రేములు నానబెడతాడని ఈ అమ్మాయి చెప్పిందిగా."

హెడ్డు బకెట్‌తో సహా తిరిగొచ్చాడు. సబ్బునీళ్ల అడుగున ఒకే ఒక్క ఫ్రేము. బూడిదరంగు ఓడ ముక్కలు.

కూతురు దాన్ని బయటికి తీసి తిప్పి చూసింది. "ఇది పెద్ద యుద్ధనౌక కిట్ లోది. ఇప్పుడు ఎక్కడా దొరకదు. బాబాయి దగ్గర్నుంచి సీలు తీయని పెట్టెలు కొన్ని వచ్చాయి, నాన్న మాట మీద జనం విప్పి చూడకుండానే కొనుక్కెళ్లారు. కానీ ఓడ రేకుల మీద కనపడాల్సిన మేకుల వరుస ఏది? అంతా అలుక్కుపోయింది. ముక్కల నంబర్లు కూడా చదవలేకుండా ఉన్నాయి. ఇది అసలు అచ్చు కాదు. అసలు ముక్కల మీద అచ్చు తీసి ఎవరో ఇంట్లో పోసిన నకలు."

ఆమె షాపులోకి పరిగెత్తింది. ఒక్క నిమిషంలో తిరిగొచ్చింది. "ఆ పెట్టె లేదు. నిన్న సాయంత్రం కూడా ఉంది. కొన్న ఒకాయన గొడవ చేశాడని, మిగిలిన ఒక్కటీ తనే విప్పి చూస్తానన్నాడు నాన్న."

"విప్పాడు. నకిలీ అని తెలిసింది. ఇచ్చిన మనిషిని పిలిచి అడిగాడు," అంది ఇన్‌స్పెక్టర్. "ఆ మనిషి వచ్చాడు, టీ కలిపిచ్చాడు. వెళ్తూ పెట్టె పట్టుకుపోయాడు. నానుతున్న ఫ్రేము ఒకటుందని తొందరలో తట్టలేదు."

"ఇవన్నీ ఊహలు," డెంటిస్టు గొంతు గట్టిగానే ఉంది. "నా పెట్టెల్లో ఎవరు ఏం మార్చారో నాకేం తెలుసు? కప్పు మీద నా వేలిముద్ర ఉందా? తలుపు మీద ఉందా?"

"లేవు. శుభ్రంగా తుడిచేశారు." ఇన్‌స్పెక్టర్ విమానాన్ని అతని వైపు తిప్పింది. "రెక్క మొదట్లో ఈ పుట్టీ ఉంది చూశారా? గుంట పూడ్చాక నునుపు చెయ్యాలి. చాలామంది పుల్లతో చేస్తారట. ఇక్కడ వేలితో చేశారు. పుట్టీ ఆరింది. బొటనవేలి గీతలు ఒక్కటి కూడా చెరగలేదు."

డెంటిస్టు చూపు తన కుడిచేతి బొటనవేలి మీదికి జారింది.

ఒక్క క్షణమే. అది చాలు. గదిలో నలుగురూ చూశారు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి ఆస్పత్రికి కలిపి, స్పీకర్ పెట్టింది. "ఐసీయూ డాక్టర్ లైన్లో ఉన్నారు. ఆయన బతికితే మీ కేసు ఒకటి. పోతే ఇంకొకటి. కోర్టు సంగతి తర్వాత. ఆ గుంటని అలాగే వదిలెయ్యలేకపోయారు కదా, మనిషిని వదిలేస్తారా?"

డెంటిస్టు స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ ఓడలు నేను పోసిన నకళ్లని వాడు అందరికీ ఫోన్ చేసి చెబుతానన్నాడు," అన్నాడు నేల చూస్తూ. "పోటీలవాళ్లకి, కొన్నవాళ్లకి. ముప్ఫై ఏళ్ల పేరు పోతుంది, ఒక్కరోజు ఆగరా అన్నాను. నా మాట మీద కొన్నవాళ్లకి ఏం చెప్పను రా అన్నాడు."

"మందు?" ఫోన్‌లోంచి డాక్టర్ గొంతు.

డెంటిస్టు చెప్పాడు. పన్ను పీకించుకోవడానికి భయపడే పేషెంట్లకి ఇచ్చే మత్తు సిరప్. పేరు చెప్పాడు, ఎంత పోశాడో చెప్పాడు.

"దీనికి విరుగుడుంది. ఎక్కిస్తున్నాం. లైన్లోనే ఉండండి."

కూతురు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. హెడ్డు అల్లుడి భుజం వదిలేశాడు. వదిలిన చేత్తోనే అతని చొక్కా ముడత సర్దాడు. అల్లుడు వెళ్లి భార్య పక్కన నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడలేకపోయింది, చెయ్యి మాత్రం పట్టుకుంది.

ఫోన్‌లో మిషన్ల చప్పుడు. అడుగుల చప్పుడు. ఎవరో ఏదో అంకె చెప్పారు. ఇంకెవరో ఇంకాస్త పెద్ద అంకె చెప్పారు.

"ఊపిరి అందుకుంటున్నారు," అన్నాడు డాక్టర్. కాసేపాగి, "కళ్లు తెరిచారు. నీళ్లలో ఓడ ఉంది, తియ్యండి అంటున్నారు. ఏంటో మాకైతే అర్థం కాలేదు."

కూతురు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

హెడ్డు బేడీలు అందుకున్నాడు. ఈసారి ఎక్కించమంటారా అని మేడమ్‌ని అడగలేదు. ప్యాడ్ తీసి మోకాలి మీద పెట్టుకుని, పెన్ను మూత నోటితో లాగాడు.

"అమ్మా, ఫిర్యాదు నీ పేరు మీదే రాయాలి. ఎవరి మీద ఇస్తున్నావో నీ నోటితో చెప్పాలి."

డెంటిస్టు తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. ఆయన కళ్లలోకే చూస్తూ చెప్పింది.

"మా పళ్ల బాబాయి మీద."