అలుక్కుపోయిన నీటికుక్క

"కార్డు ఖాళీగా వెళ్తే మీ బావ బతుకుతాడు. ముద్ర పడి వెళ్తే, లేదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ పోస్టల్ ఎగ్జిబిషన్ హాలు వెనక స్టోర్ రూమ్‌లో గుమాస్తా యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

విదేశీ ముఠాలో మన గూఢచారిగా చేరినవాడు డేగకి స్వయానా అక్క మొగుడు. ముఠాకి అనుమానం వచ్చి, పొద్దున్నుంచి ఆయన్ని ఎక్కడో కూర్చోబెట్టింది. ద్రోహి అవునో కాదో తేల్చే పని వెల్వెట్ అనే ఆవిడది. ఆమె తీర్పు పోస్టుకార్డు రూపంలో ఈ హాల్లోని హంతకుడికి చేరుతుంది. వాడి ముఖం ఎవరూ చూడలేదు.

"వెల్వెట్ మన మనిషే కదా సార్?"

"మన మనిషే. వాళ్ల మనిషి కూడా. ఖాళీ కార్డే ఇస్తానని మాటిచ్చింది. ఇచ్చాక నీ కౌంటర్ దగ్గరికొచ్చి 'ఎప్పుడు మూస్తారు' అని అడుగుతుంది. అదే కోడ్."

డేగ చెవిలో ఇయర్‌పీస్, మెడలో కెమెరా దాచిన భూతద్దం వేసుకుని కౌంటర్లో కూర్చున్నాడు. ఎగ్జిబిషన్ కోసం స్టాంపుల మీద వేసే ఇవాళ్టి ప్రత్యేక ముద్ర దీపస్తంభం, దాని కింద చేపని కరుచుకున్న నీటికుక్క. ఈ ఒక్కరోజే వేస్తారు. రేపు కాళ్లు పట్టుకున్నా దొరకదు. అందుకే క్యూ వీధి దాకా ఉంది.

"సగం స్టాంపు మీద, సగం కార్డు మీద పడాలి బాబూ."

"ముందు చిత్తుకాగితం మీద కొట్టి చూడండి, తర్వాత నాది."

ఒక పెద్దావిడ ఇంట్లోంచే అద్దుడు కాగితం తెచ్చుకుంది. వీళ్లు పిల్లల పెళ్లిళ్లకి కూడా ఇంత కంగారు పడి ఉండరు. డేగ ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఒక్క గీత చెదరకుండా కొడుతూ పోయాడు.

వెల్వెట్ వచ్చింది. ఆకుపచ్చ సిల్కు గౌను, నల్లకళ్లద్దాలు. ఎప్పుడు మూస్తారని అడగలేదు. స్టాంపు అంటించిన కార్డు ముందుకి జరిపింది.

"ముద్ర వేయండి."

"మన ఒప్పందం ఇది కాదు," అన్నాడు డేగ, పెదవులు కదలకుండా.

"వాళ్లకి మొత్తం తెలిసిపోయింది. ఖాళీది ఇస్తే ఆయనతోపాటు నేనూ పోతాను. నన్నైనా మిగలనీ."

ఆమె వేళ్లు కౌంటర్ అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆమె కూడా ప్రాణభయంతో ఉందని డేగకి అర్థమైంది. తిట్టడానికి కూడా మనసు రాలేదు.

"వేసెయ్," అంది చెవిలో చీఫ్ గొంతు. "కార్డు అందకపోయినా చంపేస్తారు. అందితే, అందుకున్నవాణ్ణి పట్టుకుందాం."

పొద్దున అక్క ఫోన్ చేసింది. 'మీ బావ ఫోన్ ఎత్తట్లేదురా, నువ్వైనా ఓసారి చూడు' అంది. చూస్తానన్నాడు. ఇప్పుడు ఆ బావ చావుకి తనే ముద్ర వేయాలి.

వేశాడు. తుపాకీ పట్టినప్పుడు ఏనాడూ బెదరని చెయ్యి వణికింది. ముద్ర జారింది, ఇంకు అలుక్కుపోయింది. నీటికుక్క తడిసిన దిండులా తయారైంది.

వెల్వెట్ అది తీసుకుని, స్టాంపులు సేకరించేవాళ్లు కార్డులు మార్చుకునే బల్ల దగ్గరికి నడిచింది. అక్కడ అన్నీ చేతులే. కార్డు ఆ చేతుల్లో పడింది.

"పోయింది," అన్నాడు చీఫ్. "కెమెరాలో కనిపించట్లేదు. వెల్వెట్ కూడా లేదు."

తలుపులు మూస్తే హంతకుడు పసిగడతాడు, ఒక్క ఫోన్ చేస్తే బావ పని అయిపోతుంది. మూయకపోతే వాడే నడిచి వెళ్లిపోతాడు. డేగకి ఏడుపొచ్చింది. అక్కకి ఏ మొహంతో చెప్పాలి? కౌంటర్ మూసే వేళైందని మైకులో చెప్పారు. అతను యంత్రంలా ముద్రలు కొడుతూనే ఉన్నాడు.

క్యూలో చివరివాడు బట్టతల మనిషి. స్వెటర్ వేసుకున్నాడు. కొత్త స్టాంపు అంటించిన కార్డు పెట్టాడు.

"దీని మీద ఒక మంచిది కొట్టండి. తేలిగ్గా, నిండుగా."

"ఇందాక వేయించుకోలేదా సార్?"

"ఒకటి చేతికొచ్చింది. కొట్టినవాడి చేతులు విరిచేయాలి. రేపు అడిగితే ఇస్తారా? ఆల్బమ్‌లో ఇలాంటిదా పెట్టుకునేది?" అంటూ జేబులోంచి కార్డు తీసి చూపించాడు.

తడిసిన దిండు.

రోజంతా డేగ చెడగొట్టింది ఒక్కటే కార్డు.

"నేనే కొట్టాను," అన్నాడు డేగ.

బట్టతల మనిషి చూపు మారింది. ఎడమచేతిలో ఫోన్ వెలిగింది, బొటనవేలు బటన్ మీదికి వెళ్లింది. డేగ ముద్ర ఎత్తి ఆ వేలి మీద శక్తికొద్దీ కొట్టాడు. ఫోన్ కిందపడింది, కాల్ వెళ్లలేదు. ఈసారి ముద్ర తేలిగ్గా పడలేదు గాని, గోరు మీద నీటికుక్క స్పష్టంగా పడింది.

స్వెటర్ జేబులో పార్కింగ్ టోకెన్ దొరికింది. బేస్‌మెంట్‌లో, ఆ నంబరు వ్యాన్ వెనకసీట్లో బావ కట్లతో ఉన్నాడు. ప్రాణంతో ఉన్నాడు. డ్రైవర్ ఇంకా ఫోన్ కోసమే చూస్తున్నాడు; బట్టతల మనిషికి ముందు మంచి ముద్ర కావాల్సొచ్చింది మరి. వెల్వెట్ ఆకుపచ్చ గౌనుతోనే గేటు దగ్గర దొరికిపోయింది.

చీఫ్ ఆ అలుక్కుపోయిన కార్డుని దీపం కింద పెట్టి మురిసిపోయాడు.

"వాడు నిజంగానే స్టాంపుల పిచ్చోడని పసిగట్టి, కావాలనే ముద్ర చెడగొట్టావా? ఎంత నాజూకైన పనయ్యా ఇది!"

డేగ ఇంకా వణుకుతున్న చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"దానికి చెయ్యి తిరిగి ఉండాలి సార్," అన్నాడు వినయంగా.