నీ మీద సీరియస్

“నిన్న క్లాసుకు ఎందుకు రాలేదు?” సాహిత్య ఇంగ్లీషులో అడిగింది.

జ్ఞానేశ్వర్ లేచి నిలబడ్డాడు. జవాబును షేర్ ఆటోలో వస్తూనే మూడుసార్లు మనసులో వల్లె వేసుకున్నాడు. ఇంక తడబడే ప్రశ్నే లేదు.

“అవర్ బఫెలో సీరియస్, మేడమ్.”

క్లాసంతా గొల్లుమంది. మొయినాబాద్ రోడ్డు మీద టిఫిన్ సెంటర్‌కు పై అంతస్తులో ఉంది ఆ స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్. కింద దోసెలు పోసే ఆయన కూడా ఏమైందోనని తల పైకెత్తి చూసే ఉంటాడు.

సాహిత్య ఒక్కతే నవ్వలేదు.

“బర్రె సీరియస్‌గ ఉండి ఏం చేసింది? మీతోని మాట్లాడుతలేదా?”

“మాట్లాడుతలేదు మేడమ్. మేత గూడ ముడుతలేదు. డాక్టరొచ్చి రెండు సూదులేసిండు.”

ఆమె గబుక్కున బోర్డు వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. నవ్విందేమో, జ్ఞానేశ్వర్‌కు తెలియలేదు. ఆమె మళ్లీ ఇటు తిరిగేసరికి బోర్డు మీద ‘సీరియస్’ అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఉంది, ఆమె ముఖం కూడా దానికి తగ్గట్టే ఉంది.

“జర ఇనుండ్రి. మన దగ్గర మనిషి దవాఖానల పడితే సీరియస్ అంటం. సారు తిడితే, నా మీద సీరియస్ అయిండంటం. ఇంగ్లీషుల గట్ల నడవది. జబ్బు సీరియస్ అయితది, జబ్బు పడ్డోడు కాదు. మనిషి సీరియస్ అంటే నవ్వులాటకు పోడు, మాటకు కట్టుబడి ఉంటడని. ‘బఫెలో సీరియస్’ అంటే మీ బర్రె అస్సలు నవ్వదు, ఊకె ఏదో ఆలోచన చేస్తదన్నట్టు.”

“మా బర్రె పుట్టినకాడికెల్లి నవ్వలే మేడమ్. గట్లయితే నేనన్నది కరెక్టే గద?”

ఈసారి మాత్రం ఆమె ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు చూశాక చాలా రోజుల దాకా జ్ఞానేశ్వర్ ఒక్క క్లాసు కూడా ఎగ్గొట్టలేదు.

అతనిది మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ పల్లె. రెండెకరాల్లో గులాబీలు, చామంతులు వేస్తాడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే నాయనమ్మ పెంటమ్మే పెంచింది. ఆమెనే అవ్వా అంటాడు. చేవెళ్ల చుట్టుపక్కల పూలరైతులు నలభై రెండు మంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. బెంగళూరు కంపెనీ ఒకటి తోటల దగ్గరికే వచ్చి పూలు కొంటామంది. మాట్లాడటానికి శుక్రవారం చేవెళ్ల వస్తామని కబురు పెట్టింది. ఆ మాట కుదిరితే తెల్లారగట్ల పూల బుట్టలు మోసుకుని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పరుగెత్తి, అక్కడ ఎవరు ఎంతంటే అంతకు ఇచ్చి రావలసిన పని తప్పుతుంది. ఇంగ్లీషు వచ్చిన బయటివాణ్ని మధ్యలో పెడితే మన గోడు మనలాగా చెప్పడని, “నువ్వే మాట్లాడాలె, నోరున్నోడివి” అని అందరూ జ్ఞానేశ్వర్ నెత్తిన పెట్టారు. అందుకే ఈ ఇంగ్లీషు తిప్పలు.

నోరున్న మాట నిజమే. కాని ఆ నోటికి తమాషా తప్ప మరొకటి తెలియదు.

కంపెనీవాళ్లు రావలసిన వారం, సోమవారం సాయంత్రం క్లాసు అయ్యేసరికి వాన దంచి కొడుతోంది. మెహిదీపట్నం బస్సులు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. ఇద్దరూ చాయ్ కొట్టు రేకుల కింద నిలబడ్డారు. చినుకులు సాహిత్య కనురెప్పల మీద ఆగి, ఆగి, జారుతున్నాయి. జ్ఞానేశ్వర్ చాయ్ చల్లారిపోయింది. అతనికి ఆ సంగతే తెలియదు.

“ఆదివారం నన్ను చూస్తానికి వస్తున్నరు. మోకిల సంబంధం.” ఆమె వానను చూస్తూ అంది.

జ్ఞానేశ్వర్ గ్లాసు కింద పెట్టాడు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. కాని నోరు తన పాత అలవాటే పోయింది.

“మంచిదే గద మేడమ్! మోకిలల మస్తు విల్లాలు లేస్తున్నయి. మీకు గూడ ఒకటి దొరుకుతది.”

ఆమె గిర్రున తిరిగింది. “నీకు అన్నీ నవ్వులాటనే. ఒక్క మాటన్న మనసువెట్టి అనవా?”

ఆటో వచ్చింది. ఎక్కింది. పోయింది.

మేడమ్ తనను మొదటిసారి ‘నువ్వు’ అన్నదని జ్ఞానేశ్వర్‌కు చాలాసేపటికి తట్టింది. ఇంటికి రాగానే తోట గట్టు మీద కూర్చుని ఫోన్ తీశాడు. నీ మీద నాకు నిజంగానే మనసుంది, ఇది నవ్వులాట కాదు అని చెప్పాలి. అదీ ఆమె నేర్పిన ఇంగ్లీషులోనే చెప్పాలి. తెలుగులో మాట కూర్చుకుని, ఒక్కో ముక్కా ఇంగ్లీషులోకి దింపాడు.

‘ఐ యామ్ వెరీ సీరియస్ ఆన్ యూ.’

పది నిమిషాలకు జవాబు వచ్చింది. ఒక్కటే మాట.

‘సారీ.’

అయిపోయింది. మర్యాదగా వద్దన్నది. మంగళవారం అతను క్లాసుకు పోలేదు. బుధవారమూ పోలేదు. పూలు కోస్తూ కాడకు బదులు వేలు కోసుకున్నాడు. అన్నం కంచం ముందు పెట్టుకుని గోడవైపు చూస్తుంటే పెంటమ్మ రెండు రోజులు ఏమైందిరా అని అడిగింది. మూడో రోజు అడగడం మానేసింది.

శుక్రవారం చేవెళ్ల ఫంక్షన్ హాలు నిండిపోయింది. ముందు వరుసలో మాజీ సర్పంచ్ బాల్‌రాజ్ కూర్చున్నాడు. సంఘానికి పెద్ద దిక్కు ఆయనే, సాహిత్య తండ్రి కూడా ఆయనే. మీసం కదలకుండా చూసే ఆ చూపుకు ఎంతటివాడైనా కూర్చున్న చోటే సర్దుకుంటాడు.

కంపెనీ తరఫున వచ్చిన మేడమ్ చాలా అడిగింది. ఎన్నెకరాలు, ఏ రకాలు, నీళ్లెక్కడివి. జ్ఞానేశ్వర్ తడుముకుంటూనే అన్నిటికీ చెప్పాడు. చివరికి ఆమె కాగితాలు పక్కన పెట్టి, సూటిగా చూసింది.

“హౌ సీరియస్ ఆర్ యువర్ ఫార్మర్స్?”

జ్ఞానేశ్వర్ ఉలిక్కిపడ్డాడు. ప్రపంచంలో ఇన్ని మాటలుండగా ఈమెకు ఇదే దొరికిందా! హాలంతా అతన్నే చూస్తోంది. బాల్‌రాజ్ మెల్లగా దగ్గాడు. పెదవుల మీదికి ఏదో జోకు వచ్చింది, దాన్ని మింగేశాడు.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. తడిసిన గొడుగుతో సాహిత్య! ఆమె చెయ్యి పట్టుకుని, ఆయాసపడుతూ, పెంటమ్మ!

వీళ్లిద్దరూ కలిసి ఎట్లా వచ్చారో అతనికి అంతుపట్టలేదు. సాహిత్య గోడకు ఆనుకుని నిలబడి అతని కళ్లలోకి చూసింది. చెప్పు అన్నట్టు తలూపింది.

చెప్పాడు. పొట్టి పొట్టి ఇంగ్లీషు మాటలే, కాని గట్టిగా చెప్పాడు. పోయిన ఎండాకాలం రాళ్లవాన పడి తోటల మీది నీడ వలలన్నీ చిరిగిపోయాయి. మొక్క పీకేసి ప్లాట్లకు అమ్ముకోమని ఊరంతా సలహా ఇచ్చింది. నలభై రెండు మందిలో ఒక్కరు కూడా పీకలేదు. ఇళ్లలో చీరలు తెచ్చి నీడకు కట్టారు. “మా అవ్వ తన పెండ్లి చీర తెచ్చి కట్టింది మేడమ్. మూడు నెలలకు మళ్లీ పూలు పూసినయి. వీ ఆర్ సీరియస్ అబౌట్ అవర్ ఫ్లవర్స్.”

బెంగళూరు మేడమ్ లేచి వచ్చి చెయ్యి కలిపింది. సోమవారం నుంచే తమ బండ్లు తోటలకు వస్తాయంది. ఆ మాట తెలుగులో చెప్పేలోపే వెనక వరుసలవాళ్లకు సంగతి అర్థమైపోయింది. చప్పట్లు, ఈలలు! నలుగురు వచ్చి జ్ఞానేశ్వర్‌ను అమాంతం భుజాలకెత్తుకున్నారు. పై నుంచి అతను ఒక్క మనిషి కోసమే వెతుక్కున్నాడు.

ఆమె హాలు పక్కన, వడ్డనకు పెట్టిన బగారన్నం గంజుల దగ్గర దొరికింది. చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“అబౌట్ అని మంచిగనే చెప్పినవు. మరి నాకు పంపినప్పుడు ఆన్ ఎందుకు పెట్టినవ్?”

“నీ మీద అంటే... ఆన్ యూ నే గద?”

“అయ్యో దేవుడా! నా మీద సీరియస్ అయినవంటే ఏమనుకోవాలె? కోపమొచ్చిందనుకున్న. చాయ్ కొట్టు కాడ గంత మాటంటిని గద, అందుకే సారీ చెప్పిన!”

“నేనేమో... వద్దన్నవనుకున్న.”

“వద్దనేదాన్నయితే మోకిల సంబంధం సంగతి నీకెందుకు చెప్త?”

పెంటమ్మ మధ్యలోకి వచ్చింది. “నువ్వు బువ్వ ముడుతలేవని, పంతులమ్మనే అడుగుదామని పొద్దుగాల మొయినాబాద్ పోయిన. మావోడికేమైంది బిడ్డా అంటే, నా మీద కోపం జేసిండని ఫోన్ సూపెట్టింది. మావోడికి కోపం రాదు, తెల్లారి లేస్తే నీ ముచ్చటే జెప్తడన్న. గంతే, బోర్డు సగం తుడిచి నా చెయ్యి వట్టుకుని ఉరికొచ్చింది.”

సాహిత్య ముఖం ఎర్రబడింది. జ్ఞానేశ్వర్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“ఇంగ్లీషుల ఎట్లనాలో నాకు తెలువది. తెలుగులనే చెప్తున్న. నువ్వంటే నాకు పానం. నిన్ను చేసుకుంట. నువ్వు సరే అంటే.”

“తెలుగు చాలు,” అంది సాహిత్య. కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు. “సరే.”

“ఏంది సరే?”

వెనక బాల్‌రాజ్. చేతిలో అన్నం ప్లేటు అలాగే ఉంది. జ్ఞానేశ్వర్ ముందుకు అడుగేయబోతే సాహిత్య చెయ్యి అడ్డం పెట్టింది.

“బాపూ, ఆదివారం ఎవరినీ రమ్మనకు. నేను జ్ఞానేశ్వర్‌ను చేసుకుంట. నాకు పక్కాగ ఇష్టమే.”

బాల్‌రాజ్ కూతుర్ని చూశాడు. జ్ఞానేశ్వర్‌ను చూశాడు. మీసం కదలలేదు. ప్లేటు పక్కన పెట్టి పెంటమ్మ వైపు తిరిగాడు.

“అవ్వా, నలభై రెండు ఇండ్ల మాట వీడు నిలవెట్టిండు, నేను చూసిన. మోకిలోళ్లకు నేను చెప్పుకుంట. కాని ఒక్క మాట. నా బిడ్డ పెండ్లయినంక గూడ పాఠాలు చెప్పుడు బంద్ చెయ్యది. నీకు సమ్మతమేనా?”

“బంద్ ఎందుకు జేస్తది? మా హిమాయత్‌నగర్ల పోరగాండ్లందరికీ జెప్పాలె. నాగ్గూడ జెప్పాలె. రేపు బెంగళూరోళ్లు తోటకొస్తే నేను మూగదానిలెక్క నిలవడాల్నా?”

బాల్‌రాజ్ మీసం అప్పుడు కదిలింది. హాలు దద్దరిల్లేలా నవ్వి, ఒక కుర్చీ లాగి పెంటమ్మ ముందు వేశాడు.

“ఇగ కూసో వియ్యపురాలా, ముహూర్తం మాట్లాడుకుందాం.”