నల్ల కాగితం చుట్టిన సిరంజి

డాక్టర్ కల్పలతని చూసిన మొదటి రోజు నుంచే నాకు ఆవిడ మీద గట్టి అనుమానం.

అనుమానించడం నా ఉద్యోగం. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరు ఏ ప్రోగ్రాం రాసిచ్చినా 'ఇందులో తప్పుంది' అనుకుని మొదలుపెట్టాలి.

2006 ఆగస్టులో బోయిన్‌పల్లి మార్కెట్‌లో మా అమ్మ గవరమ్మ కాలికి మేకు దిగింది. సుగర్ మనిషి, పసుపు రాసి ఊరుకుంది. నాలుగో రోజుకి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, బీపీ పడిపోయి, స్పృహ తప్పింది. బోయిగూడలో మా ఇంటి దగ్గర్నుంచి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే ఐసీయూలో పెట్టారు. సెప్టిక్ షాక్ అన్నారు. నాకున్నది అమ్మొక్కతే.

ఆ కంగారులో కల్పలత పన్నెండు పేజీల కాగితాలు పట్టుకొచ్చింది.

"ఈ జబ్బొస్తే ఒంట్లో ఆక్సిడెంట్లని చెడు పదార్థాలు ఎక్కువై అవయవాలు దెబ్బతింటయి. విటమిన్ ఎ ఇస్తే తగ్గుతయేమో అని స్టడీ చేస్తున్నం."

"తగ్గుతాయేమోనా?"

"ఏమో అన్నందుకే కదండీ స్టడీ."

క్యారెట్‌లో ఉండేదానికి ఇన్ని సంతకాలెందుకని అడిగాను. సగం మందికి విటమిన్, సగం మందికి ఉత్త సెలైన్ పడుతుందని, మామూలు మందులు మాత్రం అందరికీ నడుస్తాయని చెప్పింది. ఎవరికేది పడుతోందో తనకీ తెలియదట. వైద్యం చేసే మనిషికే తెలియదా? పైగా నవ్వింది. ఆ నవ్వు బాగుండటంతో అనుమానం ఇంకాస్త పెరిగింది. వద్దంటే ఎప్పుడైనా ఆపేస్తామని రాసుంది కాబట్టి సంతకం పెట్టాను.

ఇక అద్దానికి ముక్కు ఆనించి కాపలా కాశాను. ఆవిడ ఎప్పుడొచ్చింది, ఏమిచ్చింది, అన్నీ నోట్‌బుక్‌లో రాశాను. విటమిన్ ఎ ఎక్కువైతే లివర్‌కి ప్రమాదమని నెట్ సెంటర్‌లో చదివి నిలదీస్తే, రోజూ చేస్తున్న లివర్ పరీక్షల రిపోర్టులు నా ముందు పెట్టింది. మోసం చేసేవాళ్ళ దగ్గరే కాగితాలు సిద్ధంగా ఉంటాయి అనుకున్నాను.

మూడో రోజు నన్ను లోపలికి రానిచ్చారు. ట్రేలో సిరంజికి నల్ల కాగితం చుట్టి ఉంది. వెలుతురు తగిలితే విటమిన్ చెడిపోతుందట, రంగు కూడా ఎవరికీ కనబడకూడదట. ఆవిడ పక్క మంచం వైపు తిరగ్గానే కాగితం అంచు గోటితో లేపాను. విటమిన్ పసుపుగా ఉండాలి. లోపలున్నది నీళ్ళలా ఉంది.

అమ్మ చావుబతుకుల్లో ఉంటే ఉప్పునీళ్ళు ఎక్కిస్తున్నారు. నా ఒళ్ళు మండిపోయింది.

ఇటు తిరిగిన కల్పలత, నేను నోరు తెరిచేలోపే రెండు చెవులూ మూసుకుంది.

"మీరేం చూసిన్రో నాకు చెప్పకుండ్రి. నాకు తెలిస్తే ఇంక నేను పేషెంట్లందర్నీ ఒక్క తీరుగ చూడలేను."

మెడలో స్టెతస్కోపు వేసుకుని బడిపిల్లలా చెవులు మూసుకున్న డాక్టర్ని చూస్తే అంత కోపంలోనూ నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. అమ్మని స్టడీలోంచి తీసేయమంటే తీసేస్తారా అని అడిగాను. ఒక్క మాట వాదించకుండా స్టడీలోంచి తప్పుకునే ఫారం నా చేతికిచ్చింది. ఆ సిరంజి పారేయించి వేరేది తెప్పించింది. తర్వాత రిజిస్టర్‌లో ఏదో రాస్తుంటే, నన్ను ఇరికిస్తోందని తొంగి చూశాను. 'ట్రే వదిలి పక్కకి తిరిగాను. తప్పు నాది' అని రాసి సంతకం పెట్టింది.

బయట బెంచీ మీద కూర్చుని నోట్‌బుక్ తిరగేశాను. యాంటీబయాటిక్ ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. సుగర్ పరీక్ష ఏ గంటా తప్పలేదు. తప్పులు పట్టడానికి రాసుకున్న పుస్తకంలో ఒక్క తప్పూ దొరకలేదు. ఫారం ఖాళీగా తిరిగిచ్చేశాను.

తొమ్మిదో రోజు అమ్మ కళ్ళు తెరిచింది. పక్కనే ట్రేలో ఆ రోజు ఎక్కించాల్సిన నల్ల కాగితం సిరంజి కనబడింది.

"ఆ నల్ల కాయితం మందే నన్ను బతికించిందిరా. ఆ పిల్ల సల్లగుండాల" అంది.

కల్పలత గబుక్కున గోడ వైపు తిరిగింది. నా మొహం చూస్తే విషయం తెలిసిపోతుందని భయం. డిశ్చార్జి రోజు ఫోన్ నంబర్ అడిగాను. స్టడీ అయ్యేదాకా మాట్లాడనంది, ఎనిమిది నెలలంది. నా నంబర్ ఫైల్లో ఉందట. ఆ ఫైళ్ళలో ఇంకెంతమంది కుర్రాళ్ళ నంబర్లున్నాయో అని ఎనిమిది నెలలూ కుమిలిపోయాను.

ఏప్రిల్లో ఫోనొచ్చింది. క్లాక్‌టవర్ దగ్గర ఇరానీ హోటల్లో కలిశాం. బయట అకాల వర్షం.

"ఎవరికేది పడ్డదో కోడ్ ఓపెన్ చేసిన్రు. మీ అమ్మకు పడ్డది సెలైనే."

"తెలుసు. మరి విటమిన్ పనిచేసిందా?"

"గింత మందితోని చెప్పలేం. ఇంకా పెద్ద స్టడీ కావాలె." తర్వాత తనే అడిగింది. "తెలిసి సుత అమ్మను ఎందుకు తీసేయలే?"

"మూడు రోజులు మీ తప్పు కోసం వెతికాను. దొరకలేదు. అప్పట్నుంచీ మీరంటే ఇష్టం."

ఆవిడ బిస్కెట్ తీసి టీలో ముంచింది. నాకు మళ్ళీ అనుమానాలు మొదలయ్యాయి.

"నాకు సుత ఇష్టమే. తక్లీఫంత మా నాయినతోనే. సైనిక్‌పురిల కంసాలి బ్రహ్మచారి అంటే ఎవరైన చెప్తరు. గీటురాయి మీద గీయంది బంగారాన్ని సుత నమ్మడు. నచ్చినోళ్ళకు తప్ప ఇంట్ల అన్నం పెట్టడు."

ఆదివారం అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన మూడు గంటలసేపు నన్ను ప్రశ్నలతో గీసి గీసి చూశాడు. ఉద్యోగం, కోపం, తాగుడు, ఏదీ వదల్లేదు. నా జవాబులకి తల ఊపలేదు, నవ్వలేదు. మా పని అయిపోయిందనుకుని నేను లేవబోతుంటే, ఆయన లోపలికి కేకేశాడు.

"బిడ్డా, వీళ్ళు తిని పోతరు. జెర బియ్యం ఎక్కువ పొయ్యి."