నూట ముప్ఫై ఏడు పాయింట్ ఆరు

"ఏంది మేడమ్, మూడోసారి గూడ వాపసేనా?"

యశ్వంత్ దరఖాస్తు ఫారాన్ని నవనీత టేబుల్ మీద పెట్టాడు. గచ్చిబౌలిలో, ఏడో అంతస్తులో ఉన్న ఆ చిన్న కంపెనీ ఓడలకు హారన్లు చేస్తుంది. ఈ హారన్ తయారుచేసింది అతను. దాన్ని పరీక్షించి ఆమోదించమని ప్రభుత్వ ల్యాబ్‌కు పంపే కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆమె.

"డెబ్బై ఐదు మీటర్లు దాటిన ఓడకు నూట ముప్ఫై ఎనిమిది డెసిబెల్స్ ఉండాల. నువ్వు కొలిచింది నూట ముప్ఫై ఏడు పాయింట్ ఆరు. ఫారంలో ఎనిమిదెట్లయింది?"

"రౌండ్ చేసిన. జర పాయింట్ నాలుగుకు ఇంత పరేషానా? సముద్రంల చేపలకు గూడ తెల్వదు."

"పొగమంచులో ఎదురొచ్చే ఓడకు తెలుస్తాది. అంతకంటే ముందు ల్యాబ్‌కు తెలుస్తాది."

ల్యాబ్‌లో తప్పితే ప్రాజెక్టు మూసేస్తామని బాస్ ముందే చెప్పాడు. రెండేళ్ల పని. యశ్వంత్ ఫారం మడిచి జేబులో పెట్టుకుని, హారన్‌ను చంకనెత్తుకున్నాడు.

"పా, నీ ముందే కొలుస్త."

టెర్రస్ మీద మబ్బు కమ్ముకుని ఉంది. హారన్ మోగగానే చుట్టుపక్కల పావురాలన్నీ ఖాజాగూడ గుట్టలవైపు లేచిపోయాయి. చెవులకు మఫ్‌లు తగిలించుకున్న నవనీత మీటర్ చూపించింది. ఏడు పాయింట్ ఆరు. మళ్లీ మోగించాడు. అదే. మూడోసారికి సెక్యూరిటీ రాజయ్య రొప్పుతూ వచ్చాడు.

"సార్, లాబీలకు లారీ వచ్చిందని అందరు బయటికి ఉరుకుతున్నరు!"

నవనీతకు నవ్వాగలేదు. యశ్వంత్ మొహం మాత్రం దిగిపోయింది.

"డెబ్బై ఐదు మీటర్ల లోపు పడవలకు నూట ముప్ఫై చాలు," అంది ఆమె, ప్రొద్దుటూరు యాస దాచుకోకుండా. "ఆ తరగతికి అడుగు. ఉండేది ఉన్నట్టు రాయి."

"నా హారన్ చేపల పడవలకా?"

"వాటి మీద ఉండేది మనుషులు కాదా అబ్బా?"

అతను జేబులోంచి పెన్ను తీశాడు. పిట్టగోడ మీదే ఫారం పరిచి అంకె, తరగతి రెండూ దిద్దాడు. ఆమె అక్కడికక్కడే సంతకం పెట్టింది. చినుకు మొదలవగానే తన తల కప్పుకోకుండా కాగితాన్ని చున్నీలో దాచింది. అది అతను చూశాడు.

ఆరు వారాలకు ఆమోదపత్రం వచ్చింది. యశ్వంత్ లిఫ్ట్ కోసం ఆగకుండా ఏడంతస్తులూ ఎక్కి వచ్చాడు.

"ల్యాబోళ్లకు గూడ గదే! పాయింట్ ఆరు!"

"రౌండ్ చేసుంటే?"

"ఇంటికి పోతుంటి." ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇంకో దరఖాస్తుంది. నువ్వంటే నాకిష్టం. నూటికి నూరు."

"మళ్లీ రౌండ్ చేసినావు."

యశ్వంత్ నిజంగానే లెక్క వేశాడు.

"తొంభై ఏడు. మూడుసార్లు వాపస్ పంపినవ్ గదా, సారికొకటి పోయింది."

నవనీత అతని జేబులోంచి పెన్ను లాగింది.

"దీని మీదయితే సంతకం పెడతా. ఆదివారం ఇంటికి రా. మా నాయనకు కూడా ఇదే అంకె చెప్పు, పెంచొద్దు."