వెల్డన్ లాగిన తాడు

సోమవారం పొద్దున్నే నడీన్ పొయ్యి మీద సాసేజ్ గ్రేవీ కలుపుతుంటే పడగ్గదిలోంచి వెల్డన్ దగ్గు వినిపించింది. పిలుపు అదే. ఆ మనిషి నోరు తెరిచి పిలవడు. రెండుసార్లు దగ్గుతాడు, పెళ్ళాం రావాలి, అంతే. ఆవిడ మంట తగ్గించి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసింది. వెల్డన్ మంచం అంచున కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపాడు. చొక్కా చేతుల అంచున ఉన్న కఫ్‌ల టిచ్ బటన్లు ఆవిడ ఒక్కొక్కటే టక్కుమని నొక్కింది. రోజూ ఈ పని చేస్తూ నాలుగు మాటలు మాట్లాడే ఆవిడ, ఆ వేళ మొగుడి మొహం కూడా చూడలేదు.

ఈ తంతు మొదలై చాలాకాలమే అయింది. సగం జీవితం ఆబోతుల తాళ్ళు పట్టిన వేళ్ళు అవి. కీళ్ళవాతంతో వంకర్లు పోయాయి, పిడికిలి ముడుచుకోదు. మా దక్షిణ ఓక్లహోమా మగాళ్ళ సంగతి మీకు తెలియదు. పక్కటెముకలు విరిగిన కథ చర్చిలో కూడా చెప్పుకుంటారు. బొత్తాం పెట్టుకోలేకపోతున్నానని చెప్పడానికి మాత్రం ప్రాణం పోతుంది. అందుకే ఆ తలుపు వేసుకోవడం. ఊళ్ళో ఎవరికీ తెలియదు, కొడుకు వేడ్‌కి అసలే తెలియదు అని వెల్డన్ నమ్మకం.

ఇంత దాపరికం ఎందుకంటే, వెల్డన్ హార్గిస్ మామూలు మనిషి కాడు మరి. ఒకప్పుడు ఆబోతు స్వారీ అంటే రోడియోలో, అదే మా పశువుల కాపరుల పోటీల సంబరంలో, ఆఖరి అంశం. జనం అంతసేపు కూర్చునేదే దానికోసం, పేరు మాత్రం అందరితో పంచుకోవాలి. ఒళ్ళు మండి, వెల్డన్ లాంటి డజను మంది కుర్రాళ్ళు ఓ కాఫీ హోటల్లో వెనక బల్ల దగ్గర చేరి, మన ఆట మనమే నడుపుకుందాం అనుకున్నారు. ఆబోతు స్వారీ ఒక్కటే ఉండే ఈ పోటీల సిరీస్ అలా పుట్టింది. మొదట్లో సంత మైదానాల్లో ఇనుప కంచెలు వాళ్ళే మోసుకొచ్చి బిగించుకునేవాళ్ళు, టికెట్లు వాళ్ళే చింపేవాళ్ళు, ఆ చేతులతోనే స్వారీ చేసేవాళ్ళు.

తర్వాత టీవీ వచ్చింది. నగరాల్లో పెద్ద స్టేడియాలు, వాటిలోకి ట్రక్కులతో మట్టి తోలడాలు, మంటలు, చెవులు పగిలే పాటలు వచ్చాయి. ఛాతీకి కవచం వచ్చింది, మొహానికి ఇనప జాలీ ఉన్న హెల్మెట్ వచ్చింది. బ్రెజిల్ కుర్రాళ్ళు వచ్చి బహుమతులు ఊడ్చుకుపోయారు. మార్కుల్లో సగం ఆబోతుకి ఇవ్వడం మొదట్నుంచీ ఉన్నదే. ఇప్పుడు వాటికి వంశ చరిత్రలు, అభిమానులు కూడా. చివరికి ఊరికో జట్టు, జట్టుకో కోచ్, అందరికీ ఒకే రంగు చొక్కాలు. వచ్చిన ప్రతిదాన్నీ వెల్డన్ తిట్టాడు. కవచాన్ని కూడా తిట్టి, ఏడాది తిరక్కుండానే తొడుక్కున్నాడు, అది వేరే సంగతి.

జట్లతో పాటు ఇంకో నియమం వచ్చింది. ఆబోతును నిలబెట్టే ఇనప బోను మీదకి జట్టు మనుషులు తప్ప ఎవరూ ఎక్కకూడదు. ఇది వెల్డన్ గుండెలో గుచ్చుకుంది. రైడర్ ఆబోతు మీద కూర్చున్నాక, దాని ఛాతీ చుట్టూ వేసిన తాడును పైనుంచి లాగి బిగించేవాడు తనకి బాగా నమ్మకమైన మనిషి అయ్యుండాలని మావాళ్ళ మర్యాద. వేడ్ మొదటి దూడ ఎక్కిన నాటి నుంచీ వాడి తాడు తండ్రే లాగాడు. వేడ్ జట్టు కోచ్ అదిల్సన్ బ్రెజిల్ వాడు, ఒకప్పుడు వెల్డన్ తిట్టిన కుర్రాళ్ళలో ఒకడు. అయినా సిరీస్‌ను పుట్టించినవాళ్ళలో ఒకడొచ్చి, నా కొడుకు తాడు నేనే లాగుతానని అడిగితే కాదనలేకపోయాడు. నియమం పక్కన పెట్టి సరేనన్నాడు. తప్పంతా అక్కడే జరిగింది.

నిన్న ఆదివారం సొంత గడ్డ మీద పోటీ. గెలుపోటములు ఆఖరి స్వారీ మీదకి వచ్చాయి, అది వేడ్‌ది. ఆబోతు మీద ఎనిమిది సెకన్లు నిలిస్తే చాలు. వాడి వంతుకి వచ్చిన ఆబోతు తెలివైంది, తాడు తగలగానే గాలి పీల్చి ఒళ్ళు ఉబ్బించింది. అది గాలి వదిలేదాకా ఆగి, వదిలిన క్షణాన లాగాలి. వెల్డన్ ఆ క్షణాన్ని సరిగ్గానే పట్టుకున్నాడు, తాడును మాత్రం పట్టుకోలేకపోయాడు. అది వేళ్ళలోంచి జారింది.

"సరిపోయిందా?" అన్నాడు.

"ఇంకొంచెం నాన్నా" అన్నాడు వేడ్.

మళ్ళీ లాగాడు, మళ్ళీ అడిగాడు. ఇంకొంచెం అన్నాడు వాడు. మూడోసారి అడిగినప్పుడు వేడ్ తలెత్తి తండ్రి మొహంలోకి చూశాడు. సరిపోయింది అని చెప్పి, గేటు తియ్యమని తల ఊపాడు. మూడో గెంతుకే తాడు పక్కకి తిరిగిపోయింది, దానితో పాటు వాడూ కింద పడ్డాడు. జట్టు ఓడిపోయింది.

అంతటితో అయినా బావుండేది. టీవీ వాళ్ళ మైకు వచ్చి వెల్డన్ ముందు నిలబడింది. ఆ పెద్దమనిషి గొంతు సవరించుకుని, ఈ కాలం కుర్రాళ్ళకి తాడు బిగుతు తెలియదండీ, మా రోజుల్లో అయితే తాడు గట్టిగా పడిందని ఒంటికి తెలిసేదాకా తల ఊపేవాళ్ళం కాదు అన్నాడు. కన్నకొడుకు గురించి, దేశమంతా వింటుండగా. పైన జనంలో కూర్చున్న నడీన్ స్టేడియం పెద్ద తెర మీద మొగుడి మొహం చూసి తల దించుకుంది. ఇంటికొచ్చాక అయినా నోరు విప్పుతాడని చూసింది. దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

ఇప్పుడు వేడ్ కుంటుకుంటూ వెనక వాకిలి నుంచి లోపలికి వచ్చాడు. కొట్టం పక్కన ట్రైలర్ ఇంట్లో ఉంటాడు, తిండి మాత్రం తల్లి దగ్గరే. చెంప మీద కమిలింది. నడీన్ వేడి రొట్టె విరిచి గ్రేవీ పోసి ముందు పెట్టింది. వాడు ఫోర్కుతో కెలుకుతూ, కోచ్ పదింటికి రమ్మన్నాడని, తనను ఎక్కడో తూర్పు తీరంలో ఉన్న జట్టుకి ఇచ్చేస్తారని కుర్రాళ్ళు అనుకుంటున్నారని చెప్పాడు. తాడు చూసుకోవడం కూడా రానివాడు ఆఖరి స్వారీకి పనికిరాడని మాట పడిందట.

వెల్డన్ కాఫీ కప్పును రెండు చేతులతో ఎత్తి తాగి కింద పెట్టాడు. నోరు మూసుకుని తినుంటే ఆ పూట గడిచిపోయేది. తప్పు చేసినవాడికి మాటలెక్కువ కదా. జట్లు వచ్చాక ఇంతే, మనుషుల్ని సంతలో పశువుల్లా మార్చుకుంటున్నారు అన్నాడు. అంతటితో ఆపకుండా, "అయినా నువ్వు చూసుకోవాలిగా. నీ ఒంటికి తెలియాలిగా" అన్నాడు.

నడీన్ చేతిలో గరిటె పక్కన పెట్టింది. వచ్చి మొగుడి పక్కన నిలబడి, అతని కుడి చెయ్యి పట్టుకుని, తను పొద్దున పెట్టిన టిచ్ బటన్లు మూడూ టకటకా ఊడదీసింది. తర్వాత ఎడమచేతివి కూడా. కఫ్‌లు రెండూ వేలాడాయి.

"పెట్టుకో" అంది.

"ఏంటిది నడీన్?"

"కొడుకు ముందు పెట్టుకో. తాడు గురించి పాఠం చెప్తున్నావుగా, ముందు ఇవి పెట్టుకుని చెప్పు."

వెల్డన్ మొహం కందగడ్డలా అయింది. ఎడం చేతి బొటనవేలు ఆన్చి కుడి కఫ్ మీద నొక్కాడు. జారింది. బల్లకి ఆన్చి నొక్కాడు. మళ్ళీ జారింది. ఆబోతుల మెడలు వంచిన మనిషి, చిన్న పిల్లలు పెట్టుకునే బొత్తాం దగ్గర చెమటలు కక్కుతున్నాడు. నడీన్ చూస్తూ నిలబడింది. ఆవిడకీ ఏడుపొస్తోంది, కానీ సాయానికి వెళ్ళలేదు.

"వదిలెయ్యమ్మా" అన్నాడు వేడ్ నెమ్మదిగా. "నాకు తెలుసు."

వెల్డన్ చేతులు ఆగిపోయాయి. "ఏం తెలుసు?"

"చలికాలంలోనే తెలిసింది. దాణా బస్తా ముడి నువ్వు పళ్ళతో విప్పుతుంటే చూశాను."

"మరి తెలిసి తల ఎందుకూపావురా?"

వేడ్ ఫోర్కు పక్కన పెట్టాడు. "ఇంకోసారి ఇంకొంచెం అన్నాననుకో, పక్కనున్న వాళ్ళలో ఎవడో ఒకడు నీ చేతిలోంచి తాడు తీసుకునేవాడు. జట్టంతా చూస్తుండగా. అది నాకు ఇష్టం లేకపోయింది. పడితే పడ్డాను, నేను పడటం కొత్తా?" అన్నాడు. తిండి సగంలో వదిలేసి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, టీవీలో అన్న మాట గురించి మాత్రం, "ఆ మాట అనకుండా ఉండాల్సింది నాన్నా" అని వెళ్ళిపోయాడు.

వెల్డన్ కూర్చున్నచోటే కూర్చుండిపోయాడు. కాళ్ళు విరిగినప్పుడు కూడా ఆ మనిషికి ఇంత నొప్పి లేదు. తన మర్యాద కాపాడటానికి కొడుకు ఆబోతు కింద పడ్డాడు. ఆ మర్యాదతోనే తను మైకు ముందు నిలబడి వాడిని చేతకానివాణ్ణి చేశాడు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. గ్రేవీ మీద మీగడ కట్టింది. కాసేపటికి లేచి ట్రక్కు తాళాలు తీసుకున్నాడు. కఫ్‌లు పెడతాను రమ్మని నడీన్ చెయ్యి చాపితే, అక్కర్లేదు, ఇలాగే వెళ్తానన్నాడు.

జట్టు సాధన చేసే షెడ్డుకి చేరేసరికి అందరూ కంచె దగ్గర గుమిగూడి ఉన్నారు. వేడ్ కోచ్ ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెల్డన్‌ని చూడగానే కుర్రాళ్ళు దారి ఇచ్చారు. వాళ్ళకి ఆయనంటే ఇప్పటికీ గౌరవమే, అదే ఆయన్ని మరీ కుంగదీసింది. నాన్నా, నువ్వెందుకొచ్చావు, ఇంటికెళ్ళు అన్నాడు వేడ్.

వెల్డన్ వేలాడుతున్న కఫ్‌లతో రెండు చేతులూ పైకెత్తి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. "నిన్న తాడు వదులైంది నా వల్ల. ఈ వేళ్ళు ముడుచుకోవు. చాలా రోజుల్నుంచీ ముడుచుకోవడం లేదు. చెప్పుకోవడానికి సిగ్గేసి, వీడి ప్రాణం మీదకి తెచ్చాను. పైగా వీడి మీదే నెట్టాను. నేను అబద్ధమాడాను" అన్నాడు. చేతులు దించేశాడు.

వేడ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. అదిల్సన్ వచ్చి ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళను ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"తప్పు నాది కూడా వెల్డన్ గారూ. మీరు అడిగారని నియమం పక్కన పెట్టాను. నా మనుషుల ప్రాణాలు చూడాల్సినవాణ్ణి, పెద్దాయన ఏమనుకుంటాడో అని చూశాను. ఇక మీదట మీరు బోను ఎక్కకూడదు."

"ఎక్కను" అన్నాడు వెల్డన్.

కోచ్ వేడ్ వైపు తిరిగి చీవాట్లు పెట్టాడు. వదులు తాడని తెలిసి తల ఊపితే అది ప్రేమ అవుతుందేమో గానీ స్వారీ అవదు అన్నాడు. వచ్చే రెండు పోటీలకీ కంచె బయటే కూర్చోమన్నాడు. వేరే జట్టుకి ఇచ్చే మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. మీరు వచ్చి చెప్పకపోతే ఈపాటికి ఫోను చేసేసేవాణ్ణని వెల్డన్‌తో నెమ్మదిగా అన్నాడు.

ఆ వేళ తండ్రీకొడుకులు ఒకే ట్రక్కులో ఇంటికొచ్చారు. దారంతా వాన సంగతి, దాణా ధర సంగతి మాట్లాడుకున్నారట. మావాళ్ళు క్షమాపణలు అలాగే చెప్పుకుంటారు. మర్నాటి నుంచి పడగ్గదిలో దగ్గు ఆగిపోయింది. వెల్డన్ తిన్నగా వంటింట్లోకొచ్చి, పక్కింటివాళ్ళు ఉన్నా సరే, నడీన్ ముందు చేతులు చాపేవాడు. ఆవిడ ఒక చేత్తో గరిటె తిప్పుతూనే ఇంకో చేత్తో నొక్కేది.

వేడ్ మళ్ళీ స్వారీ చేసే రోజు వచ్చింది. వెల్డన్ జీవితంలో మొదటిసారి పెళ్ళాం పక్కన, జనం మధ్య కూర్చున్నాడు. తను పుట్టించిన ఆట ఇక్కణ్ణుంచి ఎలా ఉంటుందో ఎన్నడూ చూసినవాడు కాదు. మంటలు లేస్తే ఉలిక్కిపడ్డాడు, పాటకి చెవులు మూసుకున్నాడు. ఇంత గోల ఎలా భరిస్తున్నావే ఇన్నాళ్ళూ అని నడీన్‌ని అడిగాడు. గోల కాదు, నీ కోసం కళ్ళు మూసుకుని ప్రార్థించడమే కష్టంగా ఉండేదని ఆవిడ అంది.

ఇందాక మెట్లెక్కి వచ్చేటప్పుడే వెల్డన్ కఫ్‌లు రెండూ ఊడిపోయాయి. నడీన్ చెయ్యి చాపబోతే, ఉండు అని లేచి, మెట్లు దిగి కంచె దగ్గరికి వెళ్ళాడు. అవతల వేడ్ కవచం తొడుక్కుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన జట్టంతా ఉంది, టీవీ కెమెరా ఉంది. వెల్డన్ కంచె సందుల్లోంచి రెండు చేతులూ చాపాడు.

"ఇవి పెట్టరా" అన్నాడు.

వేడ్ హెల్మెట్ కింద పెట్టాడు. తాడుకి రాసే జిగట పొడి అంటిన వేళ్ళతో ఒక్కో బొత్తామే నొక్కాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. పని అయ్యాక తలెత్తి, "సరిపోయిందా నాన్నా?" అన్నాడు.

వెల్డన్ అలవాటు కొద్దీ సరిపోయింది అనబోయాడు. మాట నాలుక దాకా వచ్చి ఆగింది. కుడి చేతి కఫ్ ఒకసారి చూసుకున్నాడు.

"లేదురా" అన్నాడు. "చివరిది పడలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కు."