సంచిలో చెయ్యి

టైలరు మాస్టారికి ఏళ్ల తరబడి షుగరు. నోరు కట్టుకోమని భార్య రోజూ పోరేది. ఆయన రోజూ తలూపేవాడు. ఊపిన తలని మర్నాటికి మర్చిపోయేవాడు. చివరికి వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు. తెల్లబట్ట మీద ఎర్రచుక్క పడితేనే, "అరే!" అనుకునేవాడు.

"నీ మాటలు వినీ వినీ చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. ఇప్పుడు వేళ్ల వంతు" అని నవ్వేవాడు.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఒకరోజు చొక్కాగుడ్డ కత్తిరిస్తూ ఉండగా చేతిలోంచి కత్తెర జారింది. దాని వెనకే ఆయనా కూలిపోయాడు. పక్షవాతం. కుడివైపు పడిపోయింది.

మెల్లగా మూతి సర్దుకుంది, కాలు కదిలింది, చెయ్యి కూడా లేచింది. కానీ ఆ చేతికి స్పర్శ రాలేదు. వేడి లేదు, చలి లేదు. ఎవరిదో చెయ్యి అరువు తెచ్చి భుజానికి తగిలించుకున్నట్టు ఉండేది.

"రెండు దెబ్బలు మాస్టారూ" అంది ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి. "షుగరు వేళ్లలో నరాల్ని తినేసింది. పక్షవాతం మెదడుని కొట్టింది. ఇక్కణ్ణించి కబురు పోదు, పోయినా అక్కడ అందుకునేవాళ్లు లేరు. ఓపిక పట్టాలి."

ఇంట్లో చేయమని ఒక అభ్యాసం కూడా చెప్పింది. గుడ్డసంచిలో చెంచానో, తాళంచెవో వెయ్యాలి. కళ్లు మూసుకుని, తడిమి, అదేమిటో చెప్పాలి.

మిగిలిపోయిన నల్ల లైనింగు గుడ్డతో భార్యే సంచి కుట్టింది. రోజూ సాయంత్రం, ఇప్పుడు ఆమే నడుపుతున్న కొట్టు షట్టరు దించాక ఇద్దరూ కత్తిరింపు బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. ఆమె ఏదో ఒకటి వేసేది. ఆయన తడిమేవాడు.

"ఏమిటండీ అది?"

"ఏమోనే. గోడని అడిగినట్టుంది."

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. తడిసిన గుడ్డల ముక్కిన వాసన, మిషన్ల నూనె వాసన కలిసి గది నిండా ముసురుకున్నాయి. ఆమె కొవ్వొత్తి వెలిగించి, సంచిలో కర్ర గరిటె వేసింది. ఆయన కళ్లు మూసుకుని చెయ్యి దూర్చాడు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగింది.

"ఏమే... మెత్తగా ఉంది!"

"గరిటె మెత్తగా ఉండటమేమిటండీ?"

"గరిటె కాదు. వెంట్రుకలు... తడిగా ఉన్నాయి."

షుగరు పడిపోయి పలవరిస్తున్నాడేమోనని ఆమె గబగబా షుగరు చూసే మిషను తెచ్చి, ఎడమచేతి వేలు గుచ్చి చూసింది. షుగరు బాగానే ఉంది. సంచి దులిపింది. గరిటె ఒక్కటే పడింది.

"నరాలు మేలుకునేటప్పుడు మెదడు ఇలాగే తికమక పెడుతుందమ్మా" అంది మర్నాడు ఆ అమ్మాయి. "మంచి సూచనే అనుకోండి."

మాస్టారికి అంతకంటే ఏం కావాలి! ఆ రోజు నుంచి మధ్యాహ్నం దాటగానే షట్టరు దించేయమని తొందరపెట్టేవాడు. ఒకరోజు చెవి దొరికిందన్నాడు. ఇంకోరోజు నుదురు. ఆ పైన ముక్కు. చెబుతూ చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఆమె మాత్రం ప్రతిసారీ సంచి దులిపి చూసేది.

ఒకసారి ఆయన చేతిని సంచిలోంచి లాగి తన చెంపకి ఆనించుకుంది.

"ఇది తెలుస్తోందా?"

ఆయన చాలాసేపు ప్రయత్నించాడు. తర్వాత తల దించుకున్నాడు.

"లేదే."

ఆ సాయంత్రం నుంచి ఆమె సంచిలో వస్తువులు వెయ్యడం మానేసింది. ఖాళీ సంచే అందించేది. ఆయనకి తేడా తెలియలేదు.

"కళ్లు మూసుకుంది... రెప్ప అదురుతోంది" అన్నాడు ఒకరోజు గుసగుసగా. మళ్లీ కరెంటు పోయి, బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది.

"చాల్లెండి. చెయ్యి తీయండి."

"ఉండవే. నవ్వుతోంది."

"ఏమండీ..."

"నోరు తెరిచింది. వెచ్చగా ఉంది లోపల... పళ్లు..."

టప్.

నేల మీద ఏదో పడింది. మళ్లీ... టప్.

ఆమె కొవ్వొత్తి దగ్గరికి తెచ్చింది. సంచి అడుగు తడిసి మెరుస్తోంది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. అవతల ఎవరో పట్టుకున్నట్టు ఒక్క క్షణం బిగిసింది... తర్వాత వదిలింది.

రెండు వేళ్ల చుట్టూ కండ చీలి, ఎముక తెల్లగా కనిపిస్తోంది.

మాస్టారు ఆ వేళ్లని ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

"నొప్పి లేదే" అన్నాడు.

"ఎలుక" అన్నాడు డాక్టరు, కట్టు కడుతూ. "షుగరు మనుషుల్ని నిద్రలో ఎలుకలు కొరికినా తెలియదు."

ఆమె ఔనంది. ఇంటికెళ్లి సంచిని తగలబెట్టి, బూడిదని కాలవలో కలిపింది. పుండు మానలేదు. వేళ్లు నల్లబడ్డాయి. చివరికి రెండూ తీసేశారు. బొటనవేలూ ఉంగరంవేలూ చిటికెనవేలూ మిగిలిన ఆ చేతితో ఇక కత్తెర పట్టలేనని తెలిసినా మాస్టారు ఏడవలేదు. మత్తు వదలగానే అడిగింది ఒక్కటే.

"సంచి ఏదే?"

ఆమె ఆయన దుప్పటి సర్దింది. మళ్లీ ఆయన అడగలేదు.

కుట్లు విప్పాక, ఆసుపత్రిలో ఆ వ్యాయామాల అమ్మాయి ఎడమచేతిని కూడా పరీక్షిస్తానంది. పట్టపగలు. కిటికీ తెరిచి ఉంది. కింద వీధిలో బళ్ల హారన్లు వినిపిస్తున్నాయి. గదిలో ముగ్గురే ఉన్నారు. చాన్నాళ్ల తర్వాత భార్య కాస్త ఊపిరి పీల్చుకుంది.

"కళ్లు మూసుకోండి మాస్టారూ. సన్నటి దారంతో తాకుతాను. తెలియగానే చెప్పండి."

ఆయన ఎడమచెయ్యి బల్ల మీద చాపి కళ్లు మూసుకున్నాడు.

"తాకింది" అన్నాడు.

అమ్మాయి గోడ దగ్గర బీరువాలో వెతుకుతూ నవ్వింది. "నేనింకా మొదలే పెట్టలేదు. దారం కనపడట్లేదు, ఉండండి."

"తాకింది."

భార్య ఆయన చేతి వంక చూసింది. మణికట్టు దగ్గర చర్మం మీద, వేళ్లతో నొక్కినట్టు, నాలుగు చిన్న గుంటలు పడ్డాయి. నిండాయి. కాస్త పైన మళ్లీ పడ్డాయి.

"తాకింది."

మోచెయ్యి. చొక్కా చెయ్యి దానంతటదే నలిగింది. భుజం... మెడ...

ఆమె అరవబోయింది.

మాస్టారు ఇక ఏమీ అనడం లేదు. తల కొంచెం పైకెత్తి, ఎవరికో వీలుగా, కదలకుండా కూర్చున్నాడు.

మూసి ఉన్న ఆయన కనురెప్ప, మెల్లగా, లోపలికి నొక్కుకుంది.